వాంతులవుతుంటే ఓఆర్ఎస్ ఎలా పట్టాలి?

ప్రశ్న: పాపకి మూడేళ్లు. నిన్నటి నుంచి విరేచనాలు, మధ్యలో వాంతులు. ఓఆర్ఎస్ గ్లాసుతో ఇస్తే గటగటా తాగేసి వెంటనే కక్కేస్తోంది. సెలైన్ పెట్టించాల్సిందేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు గ్లాసు పక్కన పెట్టేయండి. వాంతయ్యాక ఓ 10 నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి, మనకి విసుగొస్తుంది కానీ కడుపులో నిలుస్తుంది. ఈ వయసుకి విరేచనమైన ప్రతిసారీ 100–200 మి.లీ. వెళ్లాలి.

జవాబు 2: కలపడం కూడా చూసుకోండి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడి లీటరు నీళ్లలోనే, చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరుగుతుంది. రుచికని చక్కెర అసలు వేయొద్దు. గ్లూకోజ్, సోడియం జంటగా పేగు గోడ దాటితే వాటి వెంట నీళ్లు వెళ్తాయి, అందుకే 2002 నాటి డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో రెండూ సమానంగా, లీటరుకి 75 మిల్లీమోల్స్ (అణువుల సంఖ్యను లెక్కగట్టే కొలత). చక్కెర ఎక్కువైతే నీళ్లు తిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. కలిపి 24 గంటలు దాటితే పారబోయండి.

ప్రశ్న అడిగినవారు: చెంచాతో నిలుస్తోందండీ, థాంక్స్. మరి సెలైన్ ఎప్పుడు?

జవాబు 1: మత్తుగా పడుంటే, అసలు తాగలేకపోతే, కళ్లు లోతుకు పోతే, పొట్ట మీద చర్మం పట్టి వదిలాక మడత 2 సెకన్లు దాటినా అలాగే ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి. విరేచనంలో రక్తం కనిపించినా అంతే.