హెప్టేన్‌లో డిటర్జెంట్: సీఎంసీ దొరకడం లేదు

గుంటూరు_ఎమ్మెస్సీ:
సీఎంసీ, అంటే డిటర్జెంట్ అణువులు మిసెల్స్ అనే గుంపులుగా చేరడం మొదలయ్యే గాఢత, కొలుస్తున్నాను. నీళ్లలో ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌కి కండక్టివిటీ గ్రాఫు గీస్తే 8 మిల్లీమోలార్ దగ్గర వంపు చక్కగా వచ్చింది. హెప్టేన్ అనే నూనెలాంటి ద్రావణిలో వేస్తే పొడి అడుగునే ఉండిపోయింది. ఏఓటీ అనే మరో డిటర్జెంట్ కరిగింది కానీ మీటరు సున్నా దగ్గరే. 0.1 మోలార్ ఏఓటీ 50 మి.లీ.లో 10 మి.లీ. నీళ్లు పోసి కుదిపితే తెల్లబడి, కాసేపటికి అడుగున నీళ్లు చేరాయి. అసలు మిసెల్స్ ఏర్పడ్డాయంటారా?

బెజవాడ_కొలాయిడ్:
ఏర్పడ్డాయండి, కాకపోతే తిరగబడి: అణువుల్లో నీటిని ఇష్టపడే తలలు లోపలికి, నూనెను ఇష్టపడే తోకలు హెప్టేన్‌లోకి. తోకలకు నూనెతో పేచీ లేదు కాబట్టి హైడ్రోఫోబిక్ ఎఫెక్ట్ (నీళ్లలో తోకలను గుమిగూడ్చేది) ఊసే లేదు. సోడియం, సల్ఫోనేట్ తలల ఆకర్షణే వాటిని గుమిగూడుస్తుంది. ఎస్‌డీఎస్‌కున్న ఒక్క తోక తలను కప్పలేదు, ఏఓటీకి కొమ్మలున్న తోకలు రెండు.

హెప్టేన్ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 1.9. అయాన్లు విడిపోవు, మీటరుకు పనిలేదు. తలతన్యతా అంతే: నీటిది 72 మిల్లీన్యూటన్/మీటరు, హెప్టేన్‌ది ముందే 20. ఏఓటీ తగ్గించడానికి అక్కడేముంది? టీసీఎన్‌క్యూ అనే రంగు సూచకాన్ని కరిగించి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూడండి. అప్పుడు కూడా పదునైన వంపు రాదు, సమూహాలు మెల్లగా పెరుగుతాయి. ‘సుమారు 1 మిల్లీమోలార్’ అని రాసి ఊరుకోండి. దశాంశాలు ఇచ్చారంటే నేను నమ్మను.

కృష్ణాతీరం:
తెల్లబడటానికి కారణం నీళ్ల లెక్క. ఏఓటీ మోలుకు ఎన్ని మోల్స్ నీళ్లో చూడాలి, దాన్నే డబ్ల్యూ-జీరో అంటాం. మీ ఏఓటీ 0.005 మోల్ (2.22 గ్రా.), నీళ్లు 0.555 మోల్. అంటే 111! 25 డిగ్రీల దగ్గర సుమారు 60 దాటితేనే కష్టం. 10 కావాలంటే 0.9 మి.లీ. చాలు. మైక్రోసిరంజితో 0.1 మి.లీ. చొప్పున పోస్తూ, ప్రతిసారీ తేటపడేదాకా వోర్టెక్స్ చేయండి. డిస్టిల్డ్ వాటరే వాడండి, బోరు నీళ్ల ఉప్పు ఈ హద్దును కిందికి దింపుతుంది.

ఏఓటీ తేమ పీలుస్తుంది. వాక్యూమ్ ఓవెన్‌లో 50 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, మిగిలిన నీటిని కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో కొలిచి లెక్కలో కలపండి. మే నెల ల్యాబ్‌లో 40 డిగ్రీలుంటే 25 డిగ్రీల పట్టికలతో పోల్చకండి, వాటర్‌బాత్ పెట్టండి. బన్సెన్ బర్నర్ మంట మాత్రం దగ్గరికి రానీయొద్దు.

గుంటూరు_ఎమ్మెస్సీ:
ధన్యవాదాలండీ. సీటాబ్ అనే డిటర్జెంట్‌తో కుదురుతుందా?

బెజవాడ_కొలాయిడ్:
ఒంటరిగా కుదరదు, హెక్సనాల్ లాంటి ఆల్కహాల్ తోడు కావాలి. మెథనాల్‌లో అయితే ఊరికే కరిగిపోతుంది, మిసెల్స్ కోసం వెతకొద్దు.