గ్రూప్-2 కరెంట్ అఫైర్స్: సంస్కృతి, వలసలు, ఆరోగ్యం ఎలా చదవాలి?

జగిత్యాల_అమ్మాయి:

అందరికీ నమస్తే. ఇంటి దగ్గరే ఉండి తెలంగాణ గ్రూప్-2కి చదువుతున్నా. పాలిటీ, ఎకానమీ ఎలాగోలా నడుస్తున్నాయి కానీ కరెంట్ అఫైర్స్ దగ్గర బండి ఆగిపోతోంది. నెలనెలా వచ్చే పీడీఎఫ్‌లో దీపావళికి యునెస్కో గుర్తింపు, విదేశాల్లోని మనవాళ్ళ కోసం జరిపే ప్రవాసీ భారతీయ దివస్, ట్రకోమా అనే కంటి జబ్బు, టీబీ అన్నీ ఒకే పేజీలో, ఒక్కో లైన్‌లో ఇచ్చేస్తారు. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. మాక్ టెస్టులో "కింది వాక్యాల్లో సరైనవి ఏవి" అని మూడు వాక్యాలు ఇవ్వగానే టెన్షన్ మొదలు.

ఇంకో డౌట్. వలసల గురించి ఎంతవరకు చదవాలి? మా బాపు దుబాయ్‌లో కూలి పని చేసి వచ్చిండు, మా ఊళ్ళో చాలా ఇళ్ళ కథ అదే. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అయినా, దాని మీద పరీక్షలో ఏం అడుగుతారో మాత్రం అర్థం కావట్లేదు. సీనియర్లు చెప్పండి ప్లీజ్.

రివిజన్_రాజా:

పది పీడీఎఫ్‌లు పెట్టుకోకండి. ఒక్క మ్యాగజైన్ పట్టుకుని పరీక్షలోపు మూడుసార్లు తిప్పండి. వలసల మీద మహా అయితే ఒకటి రెండు బిట్లు వస్తాయి, దానికోసం టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

తాళ్ళరేవు_మాస్టారు:

అమ్మా, నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. సాయంత్రాలు మా అరుగు మీద నలుగురు పిల్లలు చేరితే ఇదే పని. రాజా గారు చెప్పిన రివిజన్ మంచిదే, కాదనను. కానీ ఒక్క లైన్ వార్తను ఎన్నిసార్లు తిప్పినా అది ఒక్క లైనే. ఆ వార్త కింద ఏ చట్టం ఉంది, ఏ ఒప్పందం ఉంది, అది ఎంతవరకు వర్తిస్తుంది అన్నది పట్టుకోవాలి. ప్రశ్నలో మూడో వాక్యం వచ్చేది అక్కడి నుంచే.

దీపావళినే తీసుకో. 2025 డిసెంబర్‌లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. మన దేశం నుంచి ఇది 16వది. అంతకుముందు 2023లో గర్బా, 2021లో కోల్‌కతా దుర్గాపూజ. ఆ కమిటీ 20వ సమావేశం ఢిల్లీ ఎర్రకోటలోనే జరిగింది, దానికి మన దేశం ఆతిథ్యమివ్వడం అదే మొదటిసారి. ఇంతవరకు నీ పీడీఎఫ్‌లో ఉండే ఉంటుంది. దాని కింద ఉన్నది 2003 నాటి యునెస్కో ఒప్పందం. పండగలు, పాటలు, ఆటలు, చేతి విద్యలు దాని కిందికి వస్తాయి. మీ రామప్ప గుడికి 2021లో దక్కిన ప్రపంచ వారసత్వ హోదా 1972 ఒప్పందం కిందిది, అది కట్టడాలకూ ప్రదేశాలకూ. ప్రశ్న తయారుచేసేవాడు ఏం చేస్తాడంటే, రామప్పను తెచ్చి గర్బా పక్కన కూర్చోబెడతాడు. బతుకమ్మ, మేడారం జాతర యునెస్కో జాబితాలో లేవు. అయినా ఆప్షన్లలో కనపడగానే అభిమానం కొద్దీ టిక్కు పెట్టేసే పిల్లలను చాలామందిని చూశాను.

ఇక వలసలు. నాకు ఇష్టమైన చోటు ఇదే కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టు. మా మండలంలోనే కోరంగి ఉంది. ఇప్పుడు జనం మడ అడవులు చూడడానికి, పడవ ఎక్కి ఫొటోలు దిగడానికి వస్తారు. ఒకప్పుడది పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని ఊడ్చిపెట్టేసింది. ఈ తీరం నుంచి కూలీలు బర్మాకూ మారిషస్‌కూ ఓడలెక్కారు. 1834 నవంబర్ 2న మొదటి ఒప్పంద కూలీలు, అంటే ఇన్నేళ్ళు పని చేస్తామని కాగితం రాసిచ్చి వెళ్ళినవాళ్ళు, మారిషస్‌లో దిగారు. పోర్ట్ లూయీలో వాళ్ళు దిగిన చోటే ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది. అక్కడి భోజ్‌పురి పెళ్ళిపాటలు గీత్ గవాయి 2016లో అమూర్త వారసత్వ జాబితాలోకి ఎక్కాయి, అయితే మన పేరు మీద కాదు, మారిషస్ పేరు మీద. అంటే ఒకే వలస కథకు 1972, 2003 ఒప్పందాలు రెండింటి కిందా గుర్తింపు వచ్చింది. ఇలాంటిదాన్ని జతపరచండి ప్రశ్నలో వదులుతారా? మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగిందీ మారిషస్‌లోనే. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటుంది.

ప్రవాసీ భారతీయ దివస్ జనవరి 9న. గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చిన రోజది, 1915. మొదటి సభ 2003లో, 18వది 2025లో భువనేశ్వర్‌లో. దానికి ముఖ్య అతిథి ట్రినిడాడ్ అండ్ టొబాగో అధ్యక్షురాలు క్రిస్టీన్ కంగాలూ. ఆ దేశానికీ మన కూలీలే వెళ్ళారు కదా! 2024 మార్చిలో రాష్ట్రపతి ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు అక్కడి భారత సంతతిలో ఏడో తరం వారికి కూడా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తామని ప్రకటించారు. 2025 జులైలో ప్రధాని ట్రినిడాడ్‌లో అక్కడివాళ్ళకు ఆరో తరం వరకు అన్నారు. ఇక్కడ హద్దు చూసుకో: ఓసీఐ అంటే పౌరసత్వం కాదు. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు.

దేశం లోపలి వలసలకు 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉండేది. కాంట్రాక్టర్ తీసుకొచ్చిన కూలీకే అది వర్తించేది. దాన్ని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపేశారు. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. తనంతట తానుగా వచ్చిన కూలీ కూడా దీని కింద లెక్కలోకి వస్తాడు, నెల జీతం 18,000 రూపాయలకు మించకూడదు. కోడ్ పేరులోనే ఆరోగ్యం ఉంది, చూశావా? మీ గ్రూప్-2 రెండో పేపర్ సిలబస్ కూడా ఒకసారి తీసి చూడు. తెలంగాణ ప్రత్యేక సామాజిక సమస్యల్లో ఫ్లోరోసిస్ పక్కనే వలస రాసి ఉంటుంది. కాబట్టి రాజా గారూ, ఒకటి రెండు బిట్ల దగ్గర ఆగదండీ ఇది.

ఆరోగ్యం తొందరగా చెప్పేస్తా. ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేశామని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబర్‌లో మనకు గుర్తింపు ఇచ్చింది. ఆగ్నేయాసియా ప్రాంతంలో నేపాల్, మయన్మార్ తర్వాత మూడో దేశం మనది. దేశంలో ఒక్క కేసూ లేదని దానర్థం కాదు. టీబీలో లక్ష్యం వేరు, ఫలితం వేరు. 2025కల్లా అంతం చేయాలనుకున్నాం. 2015లో లక్ష మందికి 237గా ఉన్న కొత్త కేసుల రేటు 2024 నాటికి 187కి వచ్చింది. నిక్షయ్ పోషణ్ కింద రోగికి నెలకు ఇచ్చే 500ని 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు చేశారు.

షార్జా_సైట్_నుంచి:

చెల్లె, మాది సిరిసిల్ల. ఇక్కడ బిల్డింగ్ సైట్ల టైమ్‌కీపర్‌ని. పరీక్షల సంగతి నాకు తెల్వది కానీ గల్ఫ్ లైన్లు ఎట్లుంటయో చెప్తా.

పది చదవనోళ్ళకు ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తది, అంటే పనికి పోయే ముందు సర్కార్ చెక్ చేయాలె అని. గల్ఫ్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే క్లియరెన్స్ కావాలె. దీనికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, కవరేజీ 10 లక్షలు. అయితే అది యాక్సిడెంట్‌లో చనిపోతేనో, పూర్తిగా పని చేయలేని స్థితికి వస్తేనో. మా క్యాంపుల ఒకాయన రాత్రి పండుకుని తెల్లారి లేవలే. సర్టిఫికెట్‌ల గుండె ఆగింది, సహజ మరణం అని రాసిన్రు. ఇంటోళ్ళకు బీమా పైసా రాలే. తెలంగాణ సర్కార్ 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం తెచ్చింది ఎందుకంటే ఇట్లాంటోళ్ళే ఎక్కువ.

ఎండకాలం ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట పని బంద్. ఖతర్‌ల జూన్ 1 నుంచే, పొద్దున 10 నుంచి 3:30 దాకా. ఆ టైమ్‌కు పని ఆపినట్టు రిజిస్టర్‌ల రాసేది నేనే. మూడు దాటినంక మళ్ళ ఇనుప రాడ్లు పట్టుకుంటే చేతులు కాలుతయి, అందుకే తడి గుడ్డ చుట్టుకుని పట్టుకుంటరు. మీ బాపుని అడుగు, నాకన్నా బాగ చెప్తడు.

చర్ల_ఏఎన్ఎం:

వలస అంటే గల్ఫే కాదు. మా సబ్‌సెంటర్ పరిధిలో అడవిలో గుత్తికోయ ఆదివాసుల గుడిసెలున్నాయి. 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళు. వాగు దాటి, టీకాల డబ్బా భుజాన వేసుకుని వెళ్తే, వారం క్రితం ఉన్న గుడిసెలు కొన్ని ఉండవు, మిర్చి ఏరడానికి ఇంకో ఊరు పోయి ఉంటారు. తల్లి దగ్గర కార్డు ఉంటేనే పిల్లకు ఏ డోసు వేయాలో తెలిసేది. అందుకే కార్డుని పాలిథిన్ కవర్లో పెట్టి గుడిసె వాసానికి కట్టుకోమని చెప్తాను. చాలామంది అలాగే కడతారు.

మీకు పనికొచ్చే పాయింట్: ఎస్టీ హోదా రాష్ట్రం వారీగా ఉంటుంది, ఆర్టికల్ 342. అక్కడ ఎస్టీ అయిన మనిషి సరిహద్దు దాటి ఇక్కడికొస్తే ఆ హోదా వెంట రాదు. సికిల్ సెల్ అనే రక్త జబ్బు మీద పెట్టిన మిషన్ కూడా చూసుకోండి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది, లక్ష్యం 2047.

జగిత్యాల_అమ్మాయి:

అందరికీ థాంక్స్. సిలబస్ తీసి చూశాను మాస్టారూ, ఫ్లోరోసిస్, వలస నిజంగానే పక్కపక్కన ఉన్నాయి. షార్జా అన్న చెప్పిన బీమా సంగతి బాపుని అడిగితే, "అవును, మేం సంతకం పెట్టినం, ఏం రాసిన్రో ఎవరు చదివిన్రు" అన్నడు. ఒక ప్రశ్న తయారుచేశాను, దిద్దండి.

కింది వాక్యాల్లో సరైనవి ఏవి? ఎ) ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద సహజ మరణానికీ 10 లక్షలు వస్తాయి. బి) విదేశాల్లో పనికి వెళ్ళేవారి క్లియరెన్స్ 1983 చట్టం కింద జరుగుతుంది. సి) ఓసీఐ కార్డు ఉన్నవారికి లోక్‌సభ ఎన్నికల్లో ఓటు ఉంటుంది.

తాళ్ళరేవు_మాస్టారు:

బి ఒక్కటే సరైనది. 'ఎ' బాగా పెట్టావు, చదవనివాడు అక్కడ పడతాడు. 'సి' మరీ తేలికైపోయింది. దాని బదులు "పీఐఓ (భారత సంతతి వ్యక్తి) కార్డును 2015లో ఓసీఐలో కలిపారు" అని పెట్టు, అప్పుడు బి, సి రెండూ సరైనవవుతాయి, ప్రశ్న బిగుస్తుంది. బి పక్కన మాత్రం పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకో. 1983 చట్టం స్థానంలో తేవాలనుకుంటున్న ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను 2025 అక్టోబర్‌లో విదేశాంగ శాఖ బయటపెట్టింది. అది చట్టమైతే నీ జవాబు మారుతుంది, పరీక్ష ముందు ఒకసారి చూసుకుని వెళ్ళు.