కథలో ఉత్తరం, మనసులో మాట, దృశ్యం మార్పు: ఫోనులో చదివేవారికి ఎలా చూపిస్తున్నారు?

సముద్రగాలి, కావలి

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్‌లో, వర్డ్‌లో కథలు రాసుకుంటాను. పూర్తయ్యాక బ్లాగులోనూ ఫేస్‌బుక్‌లోనూ పెడతాను, బంధువులకు వాట్సాప్‌లో పంపుతాను. రాసేటప్పుడు ఎంతో పొందికగా కనిపించిన కథ మూడు చోట్లా మూడు రూపాల్లో తేలుతోంది.

ఇప్పుడు రాసిన కథ సంగతే చెబుతాను. తుమ్మలపెంట వైపు ఒక మత్స్యకార పల్లెలో పెద్దామె, కువైట్‌లో ఉన్న కూతురికి పక్కింటి అబ్బాయి చేత ఉత్తరం రాయిస్తుంది. కథకు ప్రాణం ఆ ఉత్తరమే. దాన్ని వాలు అక్షరాల్లో పెట్టాను. ఆమె నోటితో చెప్పకుండా మనసులో దాచుకున్న మాటలనూ వాలు అక్షరాల్లోనే పెట్టాను. దృశ్యం మారిన చోట మూడు నక్షత్రాలు, సంభాషణలకు ముందు చిన్న గీత.

ఫేస్‌బుక్‌లో అతికించగానే వాలు పోయింది. ఉత్తరం కథనంలో కలిసిపోయింది. అది ఎక్కడ ముగిసిందో తెలియలేదని ఒకరు అడిగారు. వాట్సాప్‌లో గీతతో మొదలైన ప్రతి మాటా చుక్కల జాబితాగా మారి, తల్లీకొడుకుల గొడవ కాస్తా కిరాణా చీటీలా తయారైంది. బ్లాగులో బాగానే ఉందనుకుంటే, తెరను నలుపు రంగులో పెట్టుకుని చదివే మా మరిది ఫోనులో కొన్ని పేరాలు కనిపించనే లేదు.

నా పాఠకుల్లో ఎక్కువమంది బస్సులో నిలబడి ఫోనులో చదివేవారే. వాళ్లకు ఆ ఉత్తరం ఉత్తరంలాగే అందాలి. మీరంతా ఏ పద్ధతి పాటిస్తున్నారు? చోటును బట్టి మార్చుకుంటున్నారా, అన్నిచోట్లా నిలిచే పద్ధతి ఏదైనా ఉందా?

అక్షరాల పని, ఒంగోలు

అమ్మా, నేను పేజ్‌మేకర్ రోజుల నుంచి ఒంగోలులో డీటీపీ చేస్తున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కథల సంపుటాలు నా చేతి మీదుగా చాలానే వెళ్లాయి. కథలూ రాస్తాను. అందుకే మీ ప్రశ్న చూసి వెంటనే కూర్చున్నాను. కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపికగా చదవండి.

ముందు వాలు అక్షరాల సంగతి. తెలుగులో వాటిని పూర్తిగా మానేయమంటాను. ఇంగ్లీషు ఫాంట్లలో వాలు రూపాన్ని విడిగా గీస్తారు, ఒక్కో అక్షరం వంపును మళ్లీ తీర్చిదిద్దుతారు. మన తెలుగు ఫాంట్లలో దాదాపు దేనికీ అలాంటి రూపం ఉండదు. మీరు వాలు కావాలంటే, నిటారుగా గీసిన అక్షరాన్నే బ్రౌజరు యంత్రంలా పక్కకు తోస్తుంది. మన తలకట్టు ముందే కుడివైపుకు వాలి ఉంటుంది, దాన్ని ఇంకా తోస్తే పక్క అక్షరం మీద పడుతుంది. ఒక్క మాటకైతే సరే, ఒక పేజీ ఉత్తరాన్ని అలా చదవాలంటే కళ్లు లాగేస్తాయి. పైగా వాలు అనేది అక్షరంలో భాగం కాదు, పైనుంచి వేసిన అలంకారం. అతికించిన చోట ఆ అలంకారానికి వీలు లేకపోతే రాలిపోతుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లు ఫేస్‌బుక్‌లో కూడా వాలు అక్షరాలు చూపిస్తుంటారు. అవి యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో స్థానం ఇచ్చే పట్టికలో, గణితం కోసం విడిగా ఇచ్చిన చిహ్నాలు. తెలుగుకు ఉన్న 128 స్థానాల్లో అలాంటివి లేవు.

ముద్దక్షరాలూ (బోల్డ్) అంతే. శీర్షికకు బాగుంటాయి. కథ మధ్యలో చిన్న సైజులో పెడితే థ లోపలి చుక్క, ఠ లోపలి చుక్క పూడుకుపోతాయి. ‘పాఠం’లోని ఠ నల్లని ఉండలా కనిపిస్తుంది. పాఠకుడు అలవాటు కొద్దీ చదివేస్తాడు కానీ అక్షరం మాత్రం చెడిపోయినట్టే.

మీ మరిది గారి ఫోనులో పేరాలు మాయమవడానికి కారణం వర్డ్. అక్కడి నుంచి నేరుగా అతికిస్తే అక్షరాలతో పాటు ఫాంటు పేరు, సైజు, రంగు కూడా వెంట వస్తాయి. నలుపు రంగు అని ఆ పేరాల్లో రాసి ఉంటుంది. చదివేవారి తెర నల్లగా ఉంటే నలుపు మీద నలుపే. అతికించేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కండి, అక్షరాలు మాత్రమే వస్తాయి. నోట్‌ప్యాడ్‌లో ఒకసారి వేసి అక్కడి నుంచి తీసుకున్నా అంతే ఫలితం. కంప్యూటర్ పాతదైతే మాత్రం నోట్‌ప్యాడ్‌లో భద్రపరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోవాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. 2019 నుంచి వచ్చిన విండోస్‌లలో అది దానంతట అదే జరుగుతుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ‘ట్రంక్‌రోడ్డు’ అని రాసినప్పుడు పొల్లు క తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. పొల్లును పక్క అక్షరంతో కలవకుండా ఆపేది అదే. దాన్ని శూన్య వెడల్పు విభాజకం అంటారు. అది రాలిపోతే ‘ట్రంక్రోడ్డు’ అయి కూర్చుంటుంది. ‘ఫేస్‌బుక్’ కూడా అంతే, ‘ఫేస్బుక్’ అవుతుంది. అనవసరమైన గుర్తులన్నీ తుడిచేస్తామని చెప్పే పనిముట్లు కొన్ని దీన్ని కూడా తుడిచేస్తాయి. అందుకే అతికించాక ఇంగ్లీషు మాటలున్న వాక్యాలను నేను తప్పకుండా మళ్లీ చూస్తాను. విండోస్ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఆ గుర్తు కోసం కంట్రోల్, షిఫ్ట్, 2 నొక్కాలి.

వాట్సాప్ నక్షత్రం, కింది గీత, అలలాంటి గీత మూడింటినీ తన సొంత పనికి వాడుకుంటుంది. రెండు నక్షత్రాల మధ్య మాట ముద్దక్షరమవుతుంది. పంక్తి మొదట చిన్న గీత పెట్టి ఖాళీ వదిలితే జాబితా అవుతుంది. అంకె, చుక్క, ఖాళీ పెట్టినా అంతే. కాబట్టి సంభాషణలకు కొటేషన్ గుర్తులే నమ్మకమైనవి. దృశ్యం మారిన చోట ఖాళీ పంక్తి, విడిగా ఒక ○ గుర్తు, మళ్లీ ఖాళీ పంక్తి పెట్టండి. ఖాళీ పంక్తి ఒక్కటే చాలదు, ఎందుకంటే నెట్‌లో ప్రతి పేరాకూ మధ్య ఖాళీ ఉంటుంది.

మీ బ్లాగు అమరిక మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి పంక్తుల మధ్య దూరం అక్షరం సైజుకు 1.7 రెట్ల దాకా పెంచండి. ఇంగ్లీషుకు కుదిరిన దూరం మనకు చాలదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, ర వత్తు ఉంటాయి. కింది పంక్తిలో సరిగ్గా ఆ చోటే ‘కీ’ వస్తే రెండూ ఢీకొంటాయి. నేను మండలి ఫాంటు పెట్టుకున్నాను, ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి హాయిగా ఉంటుంది.

పెన్నఒడ్డు, నెల్లూరు

పైన చెప్పినవారితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను బడిలో తెలుగు చెబుతాను, కథలకంటే పద్యాలు ఎక్కువ రాస్తాను. ఉత్తరం విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి.

వాలు అక్షరాలు మన సంప్రదాయం కాదు. మరి మన పుస్తకాలు ఒక రకం రాతను ఇంకో రకం నుంచి ఎలా వేరు చేశాయి? మా నెల్లూరి తిక్కన భారతం అచ్చు ప్రతి తెరిచి చూడండి. కందానికి ముందు ‘క.’, తేటగీతికి ‘తే.’, సీసానికి ‘సీ.’, వచనానికి ‘వ.’ అని ఉంటుంది. ఒక్క అక్షరంతో పాఠకుడి గొంతు మారుతుంది. ఏ ఫోనులోనూ రాలిపోని గుర్తు అది, ఎందుకంటే అది కూడా అక్షరమే.

మీ ఉత్తరానికి అంతకంటే మంచి గుర్తులు ఉత్తరంలోనే ఉన్నాయి కదమ్మా. ‘చిరంజీవి సౌభాగ్యవతి’ అని మొదలై ‘ఇట్లు, మీ అమ్మ’ అని ముగిస్తే ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో ఎవరికైనా తెలిసిపోతుంది. పక్కింటి అబ్బాయి చేత రాయించిందన్నారు కాబట్టి, అతని చదువుకు తగిన ‘వ్రాయునది’, ‘తెలియజేయునది’ లాంటి మాటలు రెండు పడినా చాలు, ఉత్తరం భాషే వేరుగా వినిపిస్తుంది. ఇక మనసులో మాట. ‘అనుకుంది’ అనే క్రియ మనకు ఉంది. దాన్ని పదేపదే వాడటం విసుగనిపిస్తే, ఆ మాటను విడి పేరాగా పెట్టి, తర్వాతి పేరాలో ఆమె చేసే పని చెప్పండి.

ఒంగోలు వారితో నేను విభేదించేది ఒక్కచోటే. ○ గుర్తు పెడితే దృశ్యం మారినట్టు కంటికి తెలుస్తుంది, మనసుకు తెలియదు. గుర్తు తర్వాత మొదటి వాక్యంలోనే కాలమో చోటో తెలియాలి. ‘మర్నాడు వలలు ఎండేసే వేళకు’ అని మొదలైన పేరాకు గుర్తు లేకపోయినా నష్టం లేదు. గుర్తు ఉండి ఆ మాట లేకపోతే బస్సులో చదివే మనిషి తడబడతాడు.

పద్యాలు పెట్టేవారికి ఒక సంగతి. సీసపద్యం పాదం పొడుగు, ఫోనులో ఒక పంక్తిలో ఇమడదు. ఎక్కడ పడితే అక్కడ విరిగి యతి స్థానం గుర్తుపట్టలేకుండా పోతుంది. అచ్చు పుస్తకాల్లోలాగే పాదాన్ని మనమే రెండుగా విరిచి ఇవ్వాలి. రెండో సగాన్ని లోపలికి జరపాలని ఖాళీలు కొడితే నెట్‌లో అవి ఒకే ఖాళీగా కుదించుకుపోతాయి, ఆ ఆశ వదులుకోవాలి.

చదువరి, మార్కాపురం

నేను రాయను, చదువుతాను. మా నాన్నగారికి చూపు బాగా తగ్గింది, ఫోను చదివి వినిపిస్తే వింటారు. దయచేసి దృశ్యానికీ దృశ్యానికీ మధ్య పువ్వులు, ఆకులు, దీపాల బొమ్మలు వరుసగా పెట్టకండి. ఫోను ఒక్కో బొమ్మ పేరూ చదువుతుంది. ఆయనకు కథ తెగిపోతుంది. ఒక గుర్తు ఒకసారి పెడితే ఇబ్బంది లేదు. అలాగే ప్రతి పంక్తి చివరా ఎంటర్ నొక్కి రాసే కథలు పెద్ద అక్షరాలు పెట్టుకున్న ఫోనులో ఒక నిండు పంక్తి, ఒక రెండు మాటల పంక్తిగా విరిగిపోతున్నాయి. పేరా అయిపోయాకే ఎంటర్ నొక్కండి.

సముద్రగాలి, కావలి

అందరికీ కృతజ్ఞతలు. నెల్లూరు అమ్మగారు చెప్పినట్టు ఉత్తరాన్ని మళ్లీ రాశాను. ఇప్పుడు అది ఇలా మొదలవుతుంది:

“చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, మీ అమ్మ ఆశీర్వదించి వ్రాయించునది. ఇక్కడ అందరం క్షేమం. వేట నిషేధం రోజులు గనుక పడవ ఒడ్డునే ఉన్నది.”

చివర ‘ఇట్లు, మీ అమ్మ’. దాని కింద విడి పేరాలో ‘అబ్బాయి కలం మూశాడు. చెప్పవలసింది ఇంకా చెప్పనే లేదు’ అని పెట్టాను. వాలు అక్షరాలు ఒక్కటీ లేవు. మరిది ఫోనులోనూ వాట్సాప్‌లోనూ చూశాను, రెండు చోట్లా ఉత్తరం స్పష్టంగా విడిగా ఉంది. సంభాషణల ముందు గీతలు తీసేసి కొటేషన్లు పెట్టాను.

ఇంకొక్క సందేహం. మా పిన్ని కథలు నెల్లూరులో అచ్చు వేయించినప్పటి ఫైళ్లు ఉన్నాయి, అనూ ఫాంట్లలో. తెరిచి అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ అర్థం లేని గుర్తులూ వస్తున్నాయి. వాటిని నెట్‌లో పెట్టాలంటే మొత్తం మళ్లీ టైపు చేయాలా?

అక్షరాల పని, ఒంగోలు

అవసరం లేదమ్మా. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి చేసినవి కాబట్టి ఫాంటు తీసేస్తే అడుగునున్న ఇంగ్లీషే బయటపడుతుంది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరాలు నెట్‌లో ఉన్నాయి. మార్చడానికి ముందు అసలు ఫైలు నకలు ఒకటి భద్రంగా విడిగా ఉంచండి. ఏ అనూ వెర్షన్‌లో చేశారో అచ్చు వేసినవారిని అడిగి తెలుసుకోండి, వెర్షన్ మారితే ముక్కల స్థానాలు మారతాయి. మార్చాక వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు, పొల్లు వచ్చే మాటలు ప్రత్యేకంగా చూడాలి. అచ్చు పుస్తకం ఒక ప్రతి పక్కన పెట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూస్తే త్వరగా తెములుతుంది. ముందు ఒక చిన్న కథతో మొదలుపెట్టండి. ఎక్కడైనా చిక్కు పడితే ఆ పేరా ఇక్కడ పెట్టండి, చూస్తాను.