పొరల ఫైల్ సిస్టమ్ ఉండగా గిట్ ఎందుకు?

బొమ్మలబండి:
మా డిజైన్ టీమంతా ఒకే లినక్స్ సర్వర్ మీద పనిచేస్తాం. ఫాంట్లు, టెంప్లేట్లు, ఫొటోలు కలిపి 40 జీబీ దాకా ఉంటాయి. మనిషికో కాపీ ఇవ్వలేం. ఓవర్‌లేఎఫ్‌ఎస్‌తో (ఫోల్డర్లను పొరలుగా పేర్చి ఒకే ఫోల్డర్‌లా చూపించే లినక్స్ సౌకర్యం) ఆ ఫోల్డర్‌ను అడుగు పొరగా పెట్టి, ఎవరి పై పొర వాళ్ళకిస్తే సరిపోదా? ఎవరేం మార్చినా వాళ్ళ పై పొరలోనే పడుతుంది. అది తెరిస్తే ఏ ఫైళ్ళు మారాయో తెలిసిపోతుంది. ఇక ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ నేర్పించే టెన్షన్ ఎందుకు?

పాతచింతకాయ:
నా ఓటు మీకే. సన్ అనే కంప్యూటర్ కంపెనీ 1980ల చివర్లోనే ట్రాన్స్‌లూసెంట్ ఫైల్ సర్వీస్ అని ఇలాంటిదే తెచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ వాళ్ళ త్రీడీ ఫైల్ సిస్టమ్ కూడా ఆ కాలానిదే, అందులో పొరలతో పాటు వెర్షన్లు కూడా ఉండేవి. మన ఓవర్‌లేఎఫ్‌ఎస్ 2014లో లినక్స్ 3.18తో వచ్చింది. డాకర్ కంటైనర్లు (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే పద్ధతి) చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.

కెర్నల్‌కుర్రాడు:
అన్నా, డాకర్‌లో అడుగు పొర కదలదు, అందుకే అక్కడ నడుస్తోంది. వీళ్ళ ఆఫీసులో ఎవరో ఒకరు రోజూ టెంప్లేట్ సరిచేస్తుంటారు. పొరలు మౌంట్ అయి, అంటే వాడకంలో ఉండగా అడుగు పొరను మారిస్తే ఏం జరుగుతుందో చెప్పలేమని కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాము) డాక్యుమెంటేషనే అంటోంది. సరే, ఆపి మార్చారనుకుందాం. నేను నిన్న ముట్టుకున్న టెంప్లేట్ పాత కాపీ నా పై పొరలో కూర్చుని ఉంటుంది. మీరు కింద సరిచేసింది నాకు కనిపించదు. హెచ్చరికా రాదు.

ఇంకోటి. 2 జీబీ ఫైల్లో ఒక్క బైటు మార్చబోయినా ముందు ఫైలు మొత్తం పైకి కాపీ అవుతుంది. చెరిపేస్తే మాత్రం కింది ఫైలు అలాగే ఉంటుంది, పై పొరలో అదే పేరుతో 0, 0 నంబర్ల క్యారెక్టర్ డివైస్ అనే ప్రత్యేక ఫైలు పుడుతుంది. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ -ఎల్ కమాండ్ కొట్టి చూడండి, అదే వైట్‌అవుట్, అంటే చెరిపేసినట్టు గుర్తు. పై పొరను మామూలు ఫోల్డర్ అనుకుని జిప్ చేసి పంపేవాళ్ళకి అక్కడే దెబ్బ పడుతుంది.

బొమ్మలబండి:
అయితే అడుగు పొరను ఎవరూ ముట్టుకోకుండా ఉంచి, వారం చివర అందరి పై పొరల్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. ఎలాగూ ఫొటోషాప్ ఫైళ్ళను గిట్ కూడా కలపలేదు కదా!

కెర్నల్‌కుర్రాడు:
కలపలేదు, ఒప్పుకుంటా. కానీ ఒకే బ్రాంచికి (ఒకే పని వరుసకు) ఇద్దరూ పుష్ చేస్తే, అంటే మార్పులు పంపితే, గిట్ రెండోవాడిది తిరగ్గొడుతుంది. పొరల్లో ఎవరిది పైన ఉంటే వాళ్ళదే కనిపిస్తుంది. రెండో మనిషి వారం పని కిందే ఉండిపోతుంది. గొడవ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. పైగా బుధవారం నాటి బొమ్మ కావాలంటే పై పొరలో ఉండేది ఆఖరి కాపీ ఒక్కటే.

పాతచింతకాయ:
ఇక్కడ తమ్ముడి మాట కాదనలేను. అయినా ఫాంట్లూ ఫొటోలూ ఎవరూ మార్చరు కదా, వాటికి పొరలు హాయిగా సరిపోతాయి. చేత్తో మార్చే ఫైళ్ళనే గిట్‌లో పెట్టండి.

బొమ్మలబండి:
గిట్ సంగతి టీముతో మాట్లాడాలి. ఈలోగా పేర్చేముందు పై పొరలన్నిట్లో ఫైళ్ళను వెతికే ఫైండ్ కమాండ్ నడిపి, ఒకే దారి (ఫోల్డర్‌తో సహా ఫైలు పేరు) రెండు చోట్ల ఉంటే ఆపేసే స్క్రిప్టు రాస్తాను. వైట్‌అవుట్లు కూడా లెక్కలోకి రావాలంటే ఫైండ్‌కి మామూలు ఫైళ్ళే అనే ఫిల్టర్ పెట్టకూడదు, అంతేనా?

కెర్నల్‌కుర్రాడు:
అంతే. ఫోల్డర్లను మాత్రం వదిలేయండి, లేకపోతే అన్నీ ఢీకొన్నట్టే చూపిస్తుంది.