అప్‌డేట్: 17 వదిలేసి 18 చదవొచ్చా అని అడిగాను కదా

షానన్ మెగ్వైర్ రాసిన అక్టోబర్ డే ఫాంటసీ నవలల సిరీస్‌లో 16 పుస్తకాలు చదివాను, 17 దొరకట్లేదు, 18 చేతిలో ఉంది, నేరుగా మొదలుపెట్టనా అని అడిగాను. వద్దన్న అందరికీ థ్యాంక్స్. హన్మకొండలో ఎక్కడా దొరక్క ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా.

రెండూ 2023లో వచ్చినవే, నడిచేదీ ఒకే కథ. 17లో మాయాలోకపు రాణి టిటానియా మాయ వల్ల హీరోయిన్ అక్టోబర్‌కి, అదే మన టోబీకి, తన జీవితమే గుర్తుండదు. అక్క ఇంట్లో పనిమనిషిలా తలదించుకుని బతుకుతుంటుంది, అదే సుఖం అనుకుంటుంది. 16 పుస్తకాలు ఆమె వెంట నడిచినదాన్ని కదా, ఆ పేజీలు చదువుతుంటే గొంతు పట్టేసింది. 18లో అదంతా ఆమె భర్త, పిల్లుల రాజు టిబాల్ట్ చెప్తాడు. కడుపుతో ఉన్న భార్య ఎదురుగా నిలబడి ఎవరు నువ్వు అన్నట్టు చూస్తుంది. ముందు ఇదే చదివుంటే ఆ చూపు వెనక ఏముందో నాకు తెలిసేదే కాదు.

ఇంకోటి. ఈ కథల్లో ఫేలకు, అంటే మాయాలోకపు జీవులకు, ఇనుము పడదు. మా చెల్లి బాలింతగా ఉన్నప్పుడు నానమ్మ పసిదాని తలగడ కింద చిన్న కత్తి పెట్టింది, గాలి ధూళి సోకొద్దని. పిడి ఊడి, అంచు తుప్పు పట్టిన కత్తి. శాన్ ఫ్రాన్సిస్కోలో నడిచే ఈ కథ చదువుతుంటే అదే కళ్లముందుకొచ్చింది.

చెల్లి ఇప్పుడు 2009లో వచ్చిన మొదటి పుస్తకం పట్టుకుంది. టోబీ 14 ఏళ్లు చేపగా చెరువులో ఉండిపోయిన దగ్గర ఆగి, రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసింది.