గ్రూప్ వర్క్ మీద ట్రైనింగ్, అదీ లెక్చర్ రూపంలోనే! మీ అనుభవాలు చెప్పండి

చాక్‌పీస్_పొడి
అందరికీ నమస్కారం. ట్రైనీ టీచర్లకు సహకార అభ్యసనం (పిల్లలు జట్లుగా కలిసి నేర్చుకోవడం) మీద రెండు గంటల వర్క్‌షాప్ నడిపే పని నా నెత్తిన పడింది. అది అయ్యాక దాని మీదే ఒక సెమినార్‌కి పేపర్ పంపుదామని కూడా ఉంది. నేను ఇలాంటి వర్క్‌షాప్‌లు చాలానే చూశాను, అన్నింట్లోనూ తంతు ఒకటే. ఒకాయన వచ్చి స్లైడ్లు వేసి "పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టండి, లెక్చర్లు మానేయండి" అని లెక్చర్ ఇస్తారు, మేం వరసల్లో కూర్చుని నోట్స్ రాసుకుంటాం, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారంలో అన్నీ "చాలా బాగుంది" అని టిక్ పెట్టి సర్టిఫికెట్ తీసుకుని వచ్చేస్తాం. మళ్లీ అదే నేను చేయదలుచుకోలేదు. క్లాసులో నిజంగా పనికొచ్చినవి, రీసెర్చ్‌లో నిలబడినవి ఏవో చెప్పండి. సిద్ధాంతాలు నాకూ తెలుసు, మనిషి ఇతరులతో కలిసే నేర్చుకుంటాడన్న వైగాట్‌స్కీ దగ్గర మొదలుపెట్టకండి ప్లీజ్.

వెనకబెంచి_మాస్టారు
మీరు చెప్పిన తంతు కొత్తదేం కాదండి. జాయిస్, షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లోనే దీని గురించి రాశారు. టీచర్‌కి కొత్త పద్ధతి అలవడాలంటే ఐదు కావాలన్నారు: దాని వెనక ఆలోచన చెప్పడం, చేసి చూపించడం, వాళ్ల చేత చేయించడం, ఎలా చేశారో చెప్పడం, తర్వాత వాళ్ల క్లాసుకే వెళ్లి పక్కన ఉండి సాయపడటం. మన ట్రైనింగులు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి, మహా అయితే రెండోది. చివరిది లేకపోతే నేర్చుకున్నది హాల్లోనే ఉండిపోతుంది, క్లాసు దాకా రాదు. దీన్ని నేను కళ్లారా చూశాను. ట్రైనింగ్‌లో అద్భుతంగా చేసి చూపించినవాళ్లే రెండు వారాలు తిరక్కుండా మళ్లీ బోర్డు ముందుకు వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టలేం, సిలబస్ తరుముతుంటే ఎవరైనా అలవాటైన దానికే పోతారు.

ఇంకోటి, లోర్టీ అనే సోషియాలజిస్టు 1975లో చెప్పిన మాట మీ ట్రైనీల విషయంలో బాగా కలుస్తుంది. టీచర్ అవ్వాలని వచ్చేవాడు అప్పటికే వేల గంటలు విద్యార్థిగా కూర్చుని టీచర్లను చూసి ఉంటాడు, బోధన అంటే ఇదీ అన్న బొమ్మ లోపల గట్టిపడిపోయి ఉంటుంది. దాన్ని రెండు గంటల స్లైడ్లు కదిలించలేవు. వాళ్లే గ్రూపులో కూర్చుని ఇబ్బంది పడాలి.

రంగుపెన్సిల్
నేర్చుకునే పిరమిడ్ ఉంది కదా, చదివితే 10 శాతం, వింటే 20 శాతం, ఇతరులకు నేర్పితే 90 శాతం గుర్తుంటుందని. దాంతో మొదలుపెట్టండి, ట్రైనీలకు బాగా ఎక్కుతుంది.

ఫుట్‌నోట్
అయ్యో, అది మాత్రం పెట్టకండి. ఆ పిరమిడ్‌కి మూలమని చెప్పేది ఎడ్గర్ డేల్ అనే విద్యావేత్త 1946లో వేసిన అనుభవాల శంకువు బొమ్మ, అందులో అసలు శాతాలే లేవు, ఆ అంకెలు తర్వాత ఎవరో తగిలించారు. వాటి వెనక చూపించదగ్గ ప్రయోగం ఒక్కటీ లేదు. పైగా అన్నీ అలా గుండ్రంగా పదులలో వచ్చే డేటా ఎక్కడైనా ఉంటుందా? సెమినార్‌లో చదివినవాళ్లు ఒక్కరున్నా మొదటి స్లైడ్‌కే మీ పని అయిపోతుంది.

రంగుపెన్సిల్
మాకు ట్రైనింగ్‌లో చెప్పిందే అదండీ 😅 సరే, తీసేయండి.

జిగ్సా_టీచర్
నేను ట్రైనీలతో జిగ్సా చాలాసార్లు చేయించాను, అది ఎక్కడ బెడుస్తుందో చెప్తాను. ఇది ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలుపెట్టిన పద్ధతి. అప్పటిదాకా విడివిడిగా చదువుకున్న తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే బడిలోకి వచ్చారు, ఒకరంటే ఒకరికి పడట్లేదు. పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎదుటివాడు చెప్పేది వినకపోతే తన పాఠం పూర్తి కాదు, కాబట్టి వినక తప్పదు. దీని పుట్టుకే తగవు తీర్చడానికి. మనం మాత్రం "సిలబస్ త్వరగా అవుతుంది" అని వాడుతున్నాం.

ఇక బెడిసే చోటు. పాఠం ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే మొత్తం కూలిపోతుంది. మొదటి ముక్క తెలియకుండా మూడో ముక్క అర్థంకాని పాఠం ఇచ్చారనుకోండి, మూడో ముక్క వచ్చినవాడు బిక్కమొహం వేస్తాడు. ఏ ముక్కకి ఆ ముక్క విడిగా అర్థమయ్యే పాఠం ఎంచుకోవాలి. రెండోది, ఒకే ముక్క వచ్చినవాళ్లంతా ఒకచోట కూర్చునే నిపుణుల గ్రూపు. అక్కడ ట్రైనీలు ఏం చేస్తారంటే చదివేసి, అండర్‌లైన్ చేసేసి, ఫోన్ చూసుకుంటారు. వాళ్లకి "చదవండి" అని కాకుండా "సొంత గ్రూపుకి వెళ్లి దీన్ని ఎలా చెప్తారు, వాళ్లు ఎక్కడ తికమక పడతారు, ఏ ఉదాహరణ ఇస్తారు" అని మూడు ప్రశ్నలు ఇచ్చి చూడండి. గదిలో చప్పుడే మారిపోతుంది. మూడోది, చెప్పేటప్పుడు కాగితం బోర్లా పెట్టించండి, లేకపోతే పక్కవాడికి చదివి వినిపించి అయిపోయింది అంటారు.

సైన్స్_సారు
ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ నా క్లాసులో ఐదుగురు కూర్చుంటే ఒకళ్లు రాస్తారు, ఒకళ్లు బొమ్మ గీస్తారు, మిగతా ముగ్గురు కబుర్లు. మార్కులు మాత్రం ఐదుగురికీ. దీనికి ఏ రీసెర్చ్ దగ్గర మందుంది?

ఫుట్‌నోట్
మందు అనను కానీ జబ్బు ఏంటో నూరేళ్ల కిందటే తెలుసు. రింగెల్‌మాన్ అని ఫ్రెంచి ఇంజనీరు, మనుషుల చేత తాడు లాగించి చూశాడు, జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. 1979లో లాటానే అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు చప్పట్లు, అరుపులతో మళ్లీ చూశారు, అదే తేలింది. తన వాటా ఎంతో బయటపడదు అనుకున్నప్పుడు మనిషి కొంచెం వెనక్కి తగ్గుతాడు.

సహకార అభ్యసనం మీద పరిశోధన చేసిన రాబర్ట్ స్లావిన్ ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. గ్రూపుకి ఒక ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యం ఒక్కొక్కరూ విడిగా నేర్చుకున్న దాని మీద ఆధారపడాలి. రెండూ ఉన్నచోటే చదువులో ఫలితం గట్టిగా కనిపించింది. అందరూ కలిసి ఒక చార్ట్ చేసి ఇస్తే అది దీని కిందకి రాదు. క్లాసులో చేయాల్సింది చిన్న మార్పే: గ్రూపులో మాట్లాడుకున్నాక ప్రతి ఒక్కరూ ఎవరి కాగితం మీద వాళ్లు విడిగా రాయాలి, ఎవరు లేచి చెప్పాలో చీటీ తీసి అప్పటికప్పుడు నిర్ణయించాలి. చీటీ తన పేరు మీద రావచ్చు అని తెలిస్తే ఆ ముగ్గురూ వింటారు. ఐదుగురు కూడా ఎక్కువేనండి, ముగ్గురో నలుగురో చాలు. ఉమ్మడి మార్కులంటారా, సహకార అభ్యసనాన్ని ప్రచారం చేసిన స్పెన్సర్ కేగనే వాటిని గట్టిగా వ్యతిరేకించాడు.

సైన్స్_సారు
చీటీ సంగతి చేసి చూస్తా. అయినా ప్రతిదానికీ గ్రూపు ఎందుకన్నది నా అసలు గొడవ. సూత్రంలో అంకెలు వేసి లెక్క చేయడానికి నలుగురు కూర్చోవాలా?

వెనకబెంచి_మాస్టారు
అక్కర్లేదు సార్, మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కిర్ష్నర్, పాస్ అనే పరిశోధకులు 2009లో దీని మీదే రాశారు. కలిసి పనిచేయడానికి కూడా బుర్ర ఖర్చవుతుంది, ఎదుటివాడికి చెప్పాలి, వినాలి, సర్దుకోవాలి. పని ఒక్కడి బుర్రకి మించినంత బరువుగా ఉంటేనే ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. తేలిక పనికి ఒంటరిగా చేసుకోవడమే మేలు. ట్రైనీలు ఈ తేడా పసిగట్టగలిగితే సగం గ్రూప్ వర్క్ వాళ్లంతట వాళ్లే మానేస్తారు, మిగతా సగం బాగుపడుతుంది.

మూలన_కూర్చున్నది
నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, ఈసారి రాయాలనిపించింది. ట్రైనీలకు నేను ఇచ్చే పని ఒకటుంది. గ్రూపు పక్కన కుర్చీ వేసుకుని నోరు మెదపకుండా కూర్చోవాలి, కాగితం మీద పిల్లల పేర్లు గుండ్రంగా రాసుకుని, ఎవరు ఎవరితో మాట్లాడితే అటు గీత గీయాలి, ఎవరి మాట షీటు మీదకి ఎక్కితే అక్కడ చుక్క పెట్టాలి. అంతే.

ఒకసారి భిన్నాల పాఠంలో ఒక అమ్మాయి "కింద అంకెలు వేరుగా ఉన్నాయి, ముందు సమానం చేయాలి" అంది. ఎవరూ తలెత్తలేదు. కాసేపాగి కొంచెం గట్టిగా అంది. పెన్ను పట్టుకున్న అబ్బాయి "ఉండు" అన్నాడు. తర్వాత క్లాసులో ఫస్ట్ వచ్చే అబ్బాయి అదే మాట అన్నాడు, వెంటనే పెన్ను కదిలింది. ట్రైనీ కాగితం మీద ఆ అమ్మాయి దగ్గర్నుంచి నాలుగు గీతలు, ఒక్క చుక్క లేదు. అప్పటిదాకా "ఆ గ్రూపు బాగా చేసింది మేడమ్, జవాబు కరెక్ట్ వచ్చింది" అంటున్న ట్రైనీ ఆ కాగితం చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ కోహెన్ అనే పరిశోధకురాలి పనంతా దీని మీదే. చదువులో మంచివాడు, పలుకుబడి ఉన్నవాడు అని పిల్లల మనసులో ఒక వరస ఉంటుంది, గ్రూపులో ఎవరి మాట చెల్లుతుందో ఆ వరసే నిర్ణయిస్తుంది. ఆమె చెప్పిన ఉపాయాల్లో నాకు పనికొచ్చింది, వెనకబడిన పిల్ల నిజంగా చేసిన మంచి పనిని టీచర్ అందరి ముందూ, ఏం చేసిందో విడమర్చి చెప్పడం. ఊరికే "వెరీ గుడ్" అంటే కుదరదు, "కింద అంకెలు సమానం చేయాలని తను ముందే చెప్పింది, మీకు అదే కావాలి" అనాలి. బ్రిజిడ్ బారన్ అనే ఇంకో పరిశోధకురాలు 2003లో ఆరో తరగతి పిల్లల ముగ్గురేసి జట్లను చూసినప్పుడు కూడా ఇలాంటిదే బయటపడింది. లెక్క తేల్చలేకపోయిన జట్లలో సరైన ఆలోచన రాక కాదు, వచ్చినా పట్టించుకోకనో తోసిపుచ్చో పోగొట్టుకున్నారు.

చాక్‌పీస్_పొడి
మేడమ్, ఈ గీతల కాగితం నేను తప్పకుండా వాడుకుంటాను. ట్రైనీల్లో సగం మంది గ్రూపు, సగం మంది గమనించేవాళ్లు, తర్వాత తారుమారు. బాగుంటుందా?

మూలన_కూర్చున్నది
బాగుంటుంది. గమనించేవాళ్లు సాయం చేయకూడదు అని ముందే గట్టిగా చెప్పండి, టీచర్ అవ్వబోయేవాళ్లకి నోరు ఊరుకోదు 🙂

జిగ్సా_టీచర్
ఇది లెసన్ స్టడీకి దగ్గరగా ఉంది. జపాన్ టీచర్లు చాలా కాలంగా చేస్తున్నదే, 1999లో స్టిగ్లర్, హీబర్ట్ పుస్తకం వచ్చాక బయట అందరికీ తెలిసింది. కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠం తయారుచేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు చూస్తారు. చూసేది టీచర్ని కాదు, పిల్లల్ని. తర్వాత కూర్చున్నప్పుడు పాఠం చెప్పినవాళ్లే ముందు మాట్లాడతారు, చివర్లో బయటి నుంచి వచ్చిన అనుభవజ్ఞులు. పాఠం అందరిదీ కాబట్టి తప్పు ఒకరి మీద పడదు. నేను పనిచేసిన ఒకచోట దీన్నే ఇన్‌స్పెక్షన్ చేసేశారు, పై అధికారులు వచ్చి వెనక కూర్చుని మార్కులు వేశారు. అంతే, టీచర్లు బాగా చెప్పగలిగిన పాత పాఠాన్నే బయటికి తీశారు, పిల్లలకి ముందే జవాబులు కూడా చెప్పేశారు.

ఫుట్‌నోట్
పేపర్ సంగతి కూడా అడిగారు కదా. ఈ రంగం సెమినార్లలో ఎక్కువ పేపర్లు ఒకే మూస: ట్రైనింగ్ ఇచ్చాం, సర్వే పెట్టాం, అందరికీ నచ్చింది. కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, దాని వల్ల ఫలితం వచ్చిందా. నచ్చిందన్నది మొదటి మెట్టే. మీరు కొన్ని వారాల తర్వాత ట్రైనీల క్లాసులకి వెళ్లి అవే గీతల కాగితాలు మళ్లీ గీయించి పక్కపక్కన పెడితే, చిన్న పేపరే అయినా జనం ఆగి చదువుతారు.

ఎక్కడ చెప్పాలన్నదీ ముఖ్యం. కంప్యూటర్ సాయంతో కలిసి నేర్చుకోవడం (ఇంగ్లీషులో పొట్టిగా సీఎస్‌సీఎల్) మీద అయితే ఆ పేరుతోనే సమావేశాలు 1995 నుంచి ఉన్నాయి, ఇప్పుడు వాటిని అభ్యసన శాస్త్రాల అంతర్జాతీయ సొసైటీ నడుపుతోంది. అవి గట్టి పేపర్లకి. టీచర్లతోనే ముచ్చటించాలంటే 2006లో ఎడిన్‌బరోలో మొదలైన టీచ్‌మీట్ తరహావి నాకు ఇష్టం, మాట్లాడేది ఏడు నిమిషాలు లేదా రెండు నిమిషాలు, అంతే. వేదిక మీద చెప్పే పేపర్ సెషన్ వస్తుందో, చార్టులా అంటించి పక్కన నిలబడి చెప్పే పోస్టర్ వస్తుందో అని టెన్షన్ పడకండి, పోస్టర్ దగ్గరే అసలు మాటలు జరుగుతాయి.

రంగుపెన్సిల్
ఏడు నిమిషాలంటే నమస్కారాలకే సరిపోతుంది మనవాళ్లకి.

చాక్‌పీస్_పొడి
😄 నిజమే. అందరికీ థాంక్స్. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాను: స్లైడ్లు లేవు. నలుగురేసి జట్లు, జిగ్సాకి విడివిడిగా అర్థమయ్యే ముక్కలు, పక్కన గీతలు గీసేవాళ్లు, చీటీ తీసి జవాబు, తర్వాత కాగితాలు చూసుకుంటూ మాటలు. చివర్లో ఒక పది నిమిషాలు కోహెన్, స్లావిన్ గురించి.

వెనకబెంచి_మాస్టారు
కాగితాలు చూసుకుంటూ మాట్లాడే దానికి కనీసం అరగంట పెట్టండి. టైం చాలకపోతే జిగ్సాలో ఒక ముక్క తగ్గించండి, అది మాత్రం తగ్గించొద్దు.

మూలన_కూర్చున్నది
ఆ కాగితాలు పేపర్‌లో వాడుకోవాలంటే ట్రైనీల దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, పేర్ల బదులు అంకెలు వేయించండి. క్లాసుల్లో పిల్లల్ని గమనించేటప్పుడు వాళ్ల తల్లిదండ్రుల అనుమతి వేరేగా కావాలి. వర్క్‌షాప్ అయిపోయాక అడిగితే మా దగ్గర పరిశోధనలకు అనుమతులిచ్చే కమిటీ ఒప్పుకోలేదు.

చాక్‌పీస్_పొడి
ఇది నాకు తట్టనే లేదు మేడమ్. మీ దగ్గర ఫారం నమూనా ఉంటే పెట్టగలరా?

మూలన_కూర్చున్నది
ఉంది, మా సంస్థ వివరాలు తీసేసి రాత్రికి పెడతాను.