బాస్ ఒక్కొక్కరికి ఒక్కో మాట చెబుతుంటే, స్టాఫ్ అంతా కూర్చుని సరిచూసుకోవచ్చా?

గవర్నర్‌పేట అకౌంట్స్:
మాది విజయవాడలో ఒక హోల్‌సేల్ సంస్థ, పేరెందుకులెండి. అకౌంట్స్, బిల్లింగ్, గోడౌన్ అన్నీ కలిపి పన్నెండు మందిమి. మా బాస్ అరిచే రకం కాదు, అరిచినా బాగుండేది. క్యాబిన్‌లోకి పిలిచి, టీ తెప్పించి, తలుపు దగ్గరగా వేసి, "నీకు చెప్పకూడదు గానీ, నువ్వు మనవాడివి కాబట్టి చెబుతున్నా" అని మొదలుపెడతాడు. నేను జీఎస్టీ రిటర్న్‌లు కావాలనే ఆలస్యం చేస్తున్నానని బిల్లింగ్‌లో ఉండే అక్క ఆయనతో అందట. ఆ మాట విన్నాక ఆవిడతో ముక్తసరిగానే ఉంటూ వచ్చాను. మొన్న 20వ తేదీ, నెలవారీ జీఎస్టీ రిటర్న్ 3బి గడువు రోజు, పోర్టల్ తిరుగుతూనే ఉంది, ఆఫీసులో ఇద్దరమే మిగిలాం. అప్పుడు ఆవిడే అడిగేసింది, "తమ్ముడూ, నేను ఐదు కొట్టగానే వెళ్ళిపోతున్నానని సార్‌కి ఎందుకు చెప్పావు?" అని. నేనెప్పుడూ అనలేదు. ఆవిడా నా గురించి ఏమీ అనలేదు! మిగతా వాళ్ళను కూడా కూర్చోబెట్టి ఎవరికేం చెప్పాడో బయటపెట్టిద్దాం అని నేనంటున్నాను. అది కూడా గాసిప్పే అవుతుంది, వద్దు అంటోంది అక్క. మీరేమంటారు?

మిర్చియార్డ్ మేడమ్, గుంటూరు:
అక్క మాట విను బాబూ. పన్నెండు మందిలో మాటలు మోసేవాళ్ళు ఒక్కరైనా ఉంటారు, లేకపోతే ఆయనకి మీ సంగతులు ఎలా తెలుస్తున్నాయి? మీరు కూర్చున్న విషయం సాయంత్రానికల్లా క్యాబిన్ చేరుతుంది, అదీ "సార్, మీ మీద మీటింగ్ పెట్టారు" అనే పేరుతో. నేను కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తాను, సీజన్‌లో మిర్చి బస్తాలు (టిక్కీలు) దిగుతుంటే ఊపిరాడదు, సరిగ్గా అప్పుడే మా పాత సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి, కాటా గుమస్తా నా మీద ఏదో అన్నాడని చెవిలో వేశాడు. "అలా అన్నాడా సార్, అయితే పిలవండి, ఇక్కడే తేల్చుకుందాం" అన్నాను. "ఇప్పుడెందుకులేమ్మా, లోడ్ దిగనీ" అన్నాడు. లోడ్ దిగింది, మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

పటమట కుర్రోడు:
మేడమ్, అది మీకు చెల్లింది. మీరు సీనియర్, మీ స్టాక్ రిజిస్టర్ వేరేవాళ్ళకి అర్థం కాదు కాబట్టి మీ జోలికి రారు. కొత్తగా చేరి బైక్ ఈఎంఐ కట్టుకుంటున్నవాడు "పిలవండి సార్" అంటే, వచ్చే నెల వాడిని బాకీల రికవరీకి వేసి మచిలీపట్నం రూటులో తిప్పుతారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే అదే. అందుకే నలుగురూ కలవాలంటున్నా. ఒక్కడు అడిగితే వాడికి పొగరంటారు, నలుగురు అడిగితే ఏమంటారో చూద్దాం.

ఆటోనగర్ మేనేజర్:
నా మాట ఎవరికీ నచ్చదు, అయినా రాస్తాను. నా దగ్గరికీ రోజూ ఎవరో ఒకరు వచ్చి పితూరీలు చెబుతారు, నేను అడగను, వాళ్ళే చెబుతారు. అలాంటివి విని విని ఒక్కోసారి మేనేజర్ కూడా మాట తప్పుగా అందిస్తాడు, ప్రతిదీ కుట్ర కాదు. ముందు రిటర్న్‌లు నిజంగా ఆలస్యమయ్యాయా లేదా చూసుకోండి. 3బి గడువు దాటితే రోజుకి 50 రూపాయలు లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అది ఓనర్ జేబులోంచి పోతుంటే ఆయన అడగడా?

గవర్నర్‌పేట అకౌంట్స్:
సార్, ఏ నెలా 20 దాటలేదు, ఫైల్ చేసిన తేదీ పోర్టల్‌లోనే కనబడుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. అయినా ఆయనకి అనుమానం ఉంటే నన్నే అడగాలి గదా. అక్క పేరు ఎందుకు పెట్టాడు?

ఆటోనగర్ మేనేజర్:
అది తప్పే. దానికి సమర్థన లేదు.

లేబర్ కేసుల గుమస్తా:
మీటింగ్ సంగతి తర్వాత, ముందు కాగితం. క్యాబిన్‌లో నోటితో చెప్పిన పనులన్నీ సీటుకి రాగానే మెయిల్‌లో పెట్టండి, "ఇందాక మీరు చెప్పినట్టు ఫలానా పార్టీ బిల్లు ఆపాను సార్" అని రెండు లైన్లు చాలు, ఆరోపణలు వద్దు, వెటకారం అసలు వద్దు. రేపు "నేనలా చెప్పలేదు" అంటే మీకు ఆధారం అదే. ఇంకోటి, ఆడవాళ్ళ గురించి లైంగిక అర్థం వచ్చే మాటలు పుట్టిస్తుంటే దాన్ని గాసిప్ అని కొట్టిపారేయొద్దు. పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పదిమంది కన్నా తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మీరు పన్నెండు మంది, కమిటీ ఉందా?

గవర్నర్‌పేట అకౌంట్స్:
కమిటీనా! మాకు ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా లేదండి.

మిర్చియార్డ్ మేడమ్, గుంటూరు:
మెయిల్ మాట బాగుంది. కానీ పటమట బాబు చెప్పిన నలుగురి మీటింగ్‌కి నేనిప్పటికీ ఒప్పుకోను. ఎవరి గురించి చెప్పాడో వాళ్ళనే విడిగా అడగండి, ఇద్దరి మధ్య మాట ఇద్దరి దగ్గరే ఆగుతుంది. మూడో మనిషి చేరాడంటే దానికి చిలవలు పలవలు వస్తాయి.

పటమట కుర్రోడు:
అయితే గోడౌన్‌లో మొన్న చేరినవాళ్ళ సంగతేంటి మేడమ్? వాళ్ళకి సీనియర్లు ఎదురుపడితేనే నోరు లేవదు. తమ పేరుతో ఏం తిరుగుతోందో కూడా తెలీదు వాళ్ళకి.

గవర్నర్‌పేట అకౌంట్స్:
దీనికి నా దగ్గర కూడా జవాబు లేదు బ్రదర్. ప్రస్తుతానికి అక్కా నేనూ ఒకటి అనుకున్నాం, మా ఇద్దరిలో ఎవరి గురించి క్యాబిన్‌లో మాటొచ్చినా "తనని కూడా పిలవండి సార్" అందామని, వచ్చాక అదే రోజు ఒకరికొకరు చెప్పుకుందామని. మీటింగ్ ఆలోచన పక్కన పెట్టాను, మానుకోలేదు. గోడౌన్ కుర్రాళ్ళతో అక్క మాట్లాడతానంది, ఆవిడంటే వాళ్ళకి చనువు.

పటమట కుర్రోడు:
అంటే ఇద్దరితో మొదలై నలుగురయ్యారు. నేను చెప్పిన మీటింగే కదా ఇది, కుర్చీలు లేవంతే.